'ఇకో యణచి', బీఎన్ఎఫ్: రెండూ ఒకటేనా?

ప్రశ్న: యణాదేశ సంధికి మూలమైన 'ఇకో యణచి' సూత్రం గురించి చదువుతుంటే, ప్రోగ్రామింగ్ భాషలకు వ్యాకరణం రాసే బీఎన్ఎఫ్ (బాకస్-నౌర్ ఫార్మ్) పద్ధతిని సంస్కృత వ్యాకరణకర్త పాణిని ఏనాడో కనిపెట్టాడన్న మాట తరచూ ఎదురవుతోంది. ఇందులో నిజమెంతండీ?

జవాబు: ఆ మాటకు ఒక ఆధారం ఉందండి. ప్రోగ్రామింగ్ భాష వాక్యనిర్మాణాన్ని ఇలా సూత్రాలుగా రాయడం 1959లో జాన్ బాకస్ చూపించారు. పీటర్ నౌర్ దాన్ని మెరుగుపరిచి 1960లో ఆల్గాల్ 60 అనే ప్రోగ్రామింగ్ భాష నివేదికలో వాడారు. 1967లో పీటర్ ఇంగర్‌మన్ ఈ పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని ఒక లేఖ రాశారు. పాణినికి దక్కాల్సిన గౌరవమే అది. అయినా రెండూ ఒకటే అనడం మాత్రం కుదరదు. సూత్రాన్ని విప్పి చూడండి.

ఇక్ అంటే ఇ, ఉ, ఋ, ఌ; యణ్ అంటే య, వ, ర, ల; అచ్ అంటే అచ్చు. 'ఇకః' షష్ఠి, 'యణ్' ప్రథమ, 'అచి' సప్తమి. షష్ఠిలో ఉన్నది పోతుంది, ప్రథమలో ఉన్నది దాని చోట వస్తుంది, సప్తమిలో ఉన్నది పరమైతేనే, అంటే వెంటనే తర్వాత వస్తేనే, ఇదంతా జరుగుతుంది. అందుకే అతి + అంత అత్యంత అయింది, అను + ఏషణ అన్వేషణ అయింది. వేరే గుర్తులేవీ పెట్టుకోకుండా విభక్తులతోనే ఆ పని చేయించాడు చూశారా, ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది!

ఇప్పుడు బీఎన్ఎఫ్ సూత్రం ఒకటి:

<సంఖ్య> ::= <అంకె> | <సంఖ్య> <అంకె>

సంఖ్య అంటే ఒక అంకె, లేదా ఒక సంఖ్య పక్కన ఇంకో అంకె. ఎంత పొడవైన సంఖ్యయినా ఈ ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. కానీ ఎడమవైపు ఉండేది ఒకే పేరు. దాని పక్కన ఏముందో చూసి నిర్ణయించే వీలు లేదు. పాణిని సూత్రానికి ఆ 'అచి'యే ప్రాణం. భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ చేసిన వ్యాకరణాల వర్గీకరణలో చెప్పాలంటే బీఎన్ఎఫ్‌ది సందర్భంతో పనిలేని వ్యాకరణం, 'ఇకో యణచి' సందర్భం చూసుకునే సూత్రం.

మరొకరు: మరి ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ చేసే అనువాదానికి ఈ సూత్రాలు ఎలా పనికొస్తాయి?

జవాబు: ఒక్కో సూత్రానికి ఒక్కో లెక్క తగిలిస్తారు. పై సూత్రంలో ఒక్క అంకే ఉంటే దాని విలువే సంఖ్య విలువ. ఇంకో అంకె చేరితే పాత విలువను 10తో గుణించి కొత్త అంకెను కలపాలి. 247 చదువుతుంటే ముందు 2, తర్వాత 24, ఆపైన 247 వస్తాయి. ఇలా సూత్రాలకు విలువలు జోడించే పద్ధతికి 1968లో డొనాల్డ్ క్నూత్ పక్కా రూపం ఇచ్చారు. దిశ కూడా గమనించండి. పాణిని ప్రక్రియ అర్థం దగ్గర మొదలై రూపం దాకా వెళ్తుంది, కంపైలర్ రూపం దగ్గర మొదలై అర్థం దాకా వెళ్తుంది.

ప్రశ్న: కవి + ఇంద్రలోనూ ఇకారానికి అచ్చు పరమైంది కదా, యణాదేశం ఎందుకు రాలేదు?

జవాబు: ఒకే జాతి అచ్చులు కలిస్తే దీర్ఘం వస్తుందనే 'అకః సవర్ణే దీర్ఘః' సూత్రం అపవాదంగా, అంటే మినహాయింపుగా, వచ్చి అడ్డుకుంటుంది. అందుకే కవీంద్ర. ఇలాంటి చిక్కు సీ అనే ప్రోగ్రామింగ్ భాషలోనూ ఉంది. రెండు 'ఇఫ్'ల (ఇలా అయితే) తర్వాత ఒకే 'ఎల్స్' (లేకపోతే) వస్తే అది ఎవరిదో వ్యాకరణ సూత్రాలు తేల్చవు, రెండు అన్వయాలూ కుదురుతాయి. దగ్గరి 'ఇఫ్'కే చెందుతుందని సీ ప్రమాణంలో విడిగా ఒక మామూలు వాక్యం రాసిపెట్టారు. పాణిని అలాంటి తగవును కూడా సూత్రాల్లోనే తీర్చాడు.