మంచు కింద సముద్రం ఉందని తవ్వకుండానే ఎలా చెబుతున్నారు?

సందేహాల_పుట్ట:
గురుగ్రహం చందమామ యూరోపా మీద మంచు పొర కింద సముద్రం ఉందని, భూమి మీది సముద్రాలన్నీ కలిపినా అందులోని నీళ్ళలో సగమే ఉంటాయని వీడియోల్లో తెగ ఊదరగొడుతున్నారు. అక్కడ ఎవరూ దిగలేదు, ఒక్క అంగుళం తవ్వలేదు, పైన చూస్తే గీతలు పడ్డ మంచు తప్ప ఏమీ లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి బోరు పాయింటు చెప్పే ఆయనకీ వీళ్ళకీ తేడా ఏంటి? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. డిగ్రీ ఫిజిక్స్ దాకా చదివాను కాబట్టి అసలు ఏం కొలిచారో చెప్పండి.

అయస్కాంతం_అప్పారావు:
కొబ్బరికాయ ఆయన్ని వదిలేయండి, జియాలజిస్టును పిలిస్తే ఏం చేస్తాడు? నాలుగు ఇనప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, రెండింటి గుండా కరెంటు పంపి మిగతా రెండింటి మధ్య వోల్టేజీ చూస్తాడు, అంటే నేల కరెంటును ఎంత సులువుగా పోనిస్తుందో కొలుస్తాడు. గురుడి చుట్టూ తిరిగిన నాసా నౌక గెలీలియో యూరోపా దగ్గర చేసిందీ దాదాపు అదే, కాకపోతే కరెంటు పుట్టించే పని గురుడే చేసిపెట్టాడు. గురుడి అయస్కాంత అక్షం సుమారు 10 డిగ్రీలు వంగి ఉంటుంది, అందువల్ల యూరోపా దగ్గర క్షేత్రం 11.2 గంటలకోసారి అటూ ఇటూ ఊగుతుంది. మారే క్షేత్రంలో వాహకం ఉంటే దాంట్లో కరెంటు పుట్టి ఎదురు క్షేత్రం తయారవుతుందని ఫారడే, లెంజ్ పాఠాల్లో చదివే ఉంటారు. ఆ ఎదురు క్షేత్రం గెలీలియోలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరమైన మాగ్నెటోమీటర్‌కు దొరికింది.

యూరోపాకు సొంత అయస్కాంతం ఉందేమో అన్న అనుమానం వాళ్ళకూ వచ్చింది. అందుకని ఆ మాగ్నెటోమీటర్ పని చూసుకునే మార్గరెట్ కివెల్సన్ బృందం గురుడి క్షేత్రం వ్యతిరేక దిశలో ఉన్నప్పుడు యూరోపా పక్కగా వెళ్ళే అవకాశం కోసం చూసింది. అది 2000 జనవరి 3న కుదిరింది. శాశ్వత అయస్కాంతమైతే దిశ మారకూడదు, ప్రేరిత క్షేత్రమైతే తిరగబడాలి. తిరగబడింది! ముందే పందెం కాసి గెలిచినట్టే కదా, మొత్తం కథలో నాకు నచ్చేది ఇదే.

ఇనప కేంద్రకం వల్ల వచ్చి ఉండకూడదా అంటారేమో. డైపోల్ (ఉత్తర, దక్షిణ ధ్రువాలున్న అయస్కాంతం లాంటి) క్షేత్రం దూరం ఘనంతో తగ్గిపోతుంది, కేంద్రకం మరీ లోతులో ఉంటుంది, దాని స్పందన పైకి వచ్చేసరికి ఏమీ మిగలదు. అంత బలంగా కనపడాలంటే వాహకం పైపైనే ఉండాలి. గట్టి మంచు వాహకంగా పనికిరాదు. ఇక మిగిలింది ఉప్పునీరే.

శనివారం:
ఎన్‌సెలడస్‌ని మర్చిపోతే ఎలా? శని చుట్టూ తిరిగే, 500 కిలోమీటర్ల వ్యాసం ఉన్న పొట్టి చందమామ. దక్షిణ ధ్రువంలోంచి నీటి ఆవిరి ఎగజిమ్మడాన్ని కాసిని నౌక 2005లోనే పట్టుకుంది, కానీ అది ఆ ఒక్క చోట ఉన్న చెరువా, చుట్టూ పరుచుకున్న సముద్రమా అన్నది చాలా ఏళ్ళు తేలలేదు. తేల్చింది ఫోటోలే. కాసిని తీసిన ఏళ్ళ తరబడి ఫోటోల్లో బిలాల స్థానాలు ఓపిగ్గా గుర్తించి చూస్తే, ఆ చందమామ కక్ష్యలో తిరుగుతూ అటూ ఇటూ 0.12 డిగ్రీలు ఊగుతోందని తెలిసింది. అంటే భూమధ్యరేఖ దగ్గర అర కిలోమీటరు మాత్రమే, అయినా మంచు లోపలి రాతికి అతుక్కుని ఉంటే అంత ఊపు రాదు. మధ్యలో ద్రవం ఉండి పైపొర విడిగా కదిలితేనే ఆ లెక్క కుదురుతుంది. అంతకుముందు 2014లో గురుత్వ కొలతలు కూడా దక్షిణాన మంచు కింద నీళ్ళున్నాయనే చెప్పాయి. నౌక రేడియో సిగ్నల్‌లో డాప్లర్ మార్పును (నౌక వేగాన్ని బట్టి సిగ్నల్ ఫ్రీక్వెన్సీ మారడాన్ని) బట్టి దాని వేగం సెకనుకు మిల్లీమీటరులో చిన్న భాగం మారినా పట్టేస్తారు.

తొందరొద్దు:
అన్నీ ఇంత సాఫీగా ఉండవు, శని ఇంకో చందమామ టైటాన్ సంగతి చూడండి. శని లాగుడుకి టైటాన్ బాగా సాగుతోంది, పూర్తిగా గట్టిదైతే ఇంత సాగదు, కాబట్టి లోపల సముద్రం ఉందని 2012లో చెప్పారు. అదే కాసిని డేటాని మళ్ళీ విశ్లేషించి, ఆ సాగుడు శని లాగుడుకి ఆలస్యంగా వస్తోందని, అంటే లోపల సముద్రం కాదు, నీటి గుంటలున్న చిక్కటి మంచు ముద్ద ఉండొచ్చని 2025 డిసెంబరులో ఇంకో బృందం అంది. ఈ గొడవ ఇంకా నడుస్తోంది. కొలత ఒకటే, దాన్ని చదివే మోడల్ మారింది, అంతే.

సందేహాల_పుట్ట:
కడ్డీల సంగతితో బాగా ఎక్కింది, థాంక్స్ అండీ. మరి యూరోపా మంచు మందం ఎంతో కూడా మాగ్నెటోమీటరే చెబుతుందా?

అయస్కాంతం_అప్పారావు:
అక్కడే చిక్కు. ఒక్క 11.2 గంటల ఊపుతో చూస్తే ఉప్పు ఎక్కువున్న పల్చటి సముద్రం, ఉప్పు తక్కువున్న లోతైన సముద్రం దాదాపు ఒకేలా కనిపిస్తాయి. యూరోపా కక్ష్యాకాలమైన 85 గంటల నెమ్మది ఊపును కూడా కొలిస్తే రెండింటినీ విడదీయొచ్చు, దానికి ఒకటీ రెండూ కాదు, చాలాసార్లు పక్కనుంచి వెళ్ళాలి. 2024 అక్టోబరులో బయల్దేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో చేరాక 49 సార్లు వెళ్ళాలన్నది ప్లాన్. మంచు మందానికి రాడార్ వేరే ఉంది, 9, 60 మెగాహెర్ట్జ్ తరంగాలతో. దాన్ని దారిలో 2025 మార్చిలో అంగారకుడి మీద పరీక్షించారు కూడా.

శనివారం:
గురుడి ఇంకో చందమామ గనిమీడ్ కోసం వెళ్తున్న యూరప్ వాళ్ళ జూస్ నౌక రాడార్ యాంటెన్నా అయితే 2023లో బయల్దేరిన కొత్తల్లో మధ్యలోనే ఇరుక్కుపోయింది. 16 మీటర్ల యాంటెన్నా, చిన్న పిన్ను కదలక ఆగింది. నౌకను కుదిపారు, ఎండకు తిప్పి వెచ్చబెట్టారు, చివరికి మే 12న లోపలున్న ఒక పరికరాన్ని పేల్చినట్టుగా కదిలిస్తే గానీ విడలేదు. గనిమీడ్ కక్ష్యలోకి వెళ్ళేది 2034లో.