అమ్మ పాత తోలు బ్యాగుకు కొబ్బరి నూనె రాయాలా, వద్దా?

కౌశిక గట్టు:
మాది అమలాపురం పక్కన పల్లెటూరు. అమ్మ టీచరుగా చేసి రిటైరైంది. 1984లో తోటి టీచర్లతో కలకత్తా టూరు వెళ్ళినప్పుడు శాంతినికేతన్ తోలు బ్యాగు కొనుక్కుంది. మీలో చాలామంది ఇళ్ళల్లో చూసే ఉంటారు. మెత్తటి తోలు మీద ఆకులూ లతలూ ఉబ్బెత్తుగా ఒత్తి, చేత్తో రంగులు వేసి ఉంటాయి. ఇరవై ఏళ్ళు అదే భుజాన తగిలించుకుని బడికి వెళ్ళింది. తర్వాత అది బీరువా పై అరలోకి చేరింది.

మొన్న ముసురు వదిలాక బయటికి తీస్తే ఒళ్ళంతా తెల్లటి పొర. పట్టీ ఎండిపోయి, వంచితే సన్నగా బీటలు కనిపిస్తున్నాయి. పట్టీ తగిలించే ఇత్తడి రింగు చుట్టూ పచ్చగా, మైనంలాంటిది పేరుకుంది. లోపలి జేబు మీద ఎర్ర ఇంకు మరక, పేపర్లు దిద్దే పెన్ను కారింది.

ఇంట్లో మూడు పార్టీలు. పెద్దమ్మ "కోనసీమలో పుట్టి తోలుకి రాయడానికి నూనె లేదంటారా, గానుగ కొబ్బరి నూనె పట్టించి ఎండలో పెట్టండి" అంటోంది. హైదరాబాద్ నుంచి మా వదిన ఫోన్ చేసి, నూనె చుక్క తగిలినా బ్యాగు పోయినట్టే అంటుంది. మా ఆయన దాన్ని బయట పారేయమంటాడు, ఆయన్ని లెక్కలోకి తీసుకోకండి. ఎవరి మాట వినాలి?

హేవలాక్ వంతెన:
నాది పెద్దమ్మ గారి పార్టీ అండి. మా తాతగారు కిర్రు చెప్పులు కొత్తగా కుట్టించుకున్నప్పుడల్లా ఆముదంలో నానబెట్టేవారు. కాలు కరవవు, బురదలో నానినా చెడవు. ఆయన పోయి పాతికేళ్ళు, చెప్పులు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. తోలంటే చర్మమే కదా! మన మడమలు పగిలితే నూనె రాస్తాం, బ్యాగు పగిలితే రాయకూడదా? వందలు పోసి కొనే ఆ తోలు కండిషనర్ డబ్బా వెనక చదవండి, అందులో ఉండేదీ నూనె, మైనమే.

తంగేడు చెక్క:
పొడుగ్గా రాస్తాను, క్షమించాలి. ముప్పై ఏళ్ళు తమిళనాడులో తోళ్ళు పదును చేసే ట్యానరీల్లో పనిచేసి సొంతూరు పాలకొల్లు వచ్చేశాను. ఇప్పుడు చేతిలో పనిలేదు, టైము ఉంది.

తోలు చర్మమే, కానీ చచ్చిపోయిన చర్మం. పచ్చి చర్మం కుళ్ళకుండా పదును చేసేటప్పుడే దానికి కావలసిన నూనె పోగుపోగుకీ పట్టేలా, నీళ్ళలో పాలలా కలిపి ఎక్కిస్తారు. తర్వాత మనం పైనుంచి రాసిన నూనె అలా పోగుల మధ్య కుదురుగా కూర్చోదు. రాసినచోట మచ్చ కడుతుంది, దుమ్ము పట్టిస్తుంది, గాలి తగిలి పాతబడి కంపు కొడుతుంది.

వంతెన గారి తాతగారు చేసింది తప్పు కాదండి. చెప్పు తోలు దున్నపోతుది, మందం. దానికి కావలసింది నీళ్ళు చొరబడకపోవడం. నల్లబడితే అడిగేవాడు లేడు. ఈ బ్యాగులకు వాడేది మేకతోలో గొర్రెతోలో, పల్చటి అట్టంత మందమే. పైన రంగులు కుంచెతో వేసినవి. దీనికి ఆముదం వైద్యం చేస్తే లతలన్నీ ఒకే రంగులోకి వస్తాయి.

ఇక ఆ రింగు దగ్గర పచ్చటి మైనం. అది మురికి కాదమ్మా. తోలులోని కొవ్వు, ఇత్తడిలోని రాగి కలిస్తే పుట్టేది. ఇంకా నూనె పోస్తే ఇంకా పుడుతుంది. వెదురు పుల్లతో మెల్లగా గీకి, పొడిగుడ్డతో తుడిచెయ్యండి. ఇత్తడి కదా అని చింతపండు పెట్టి తోమేరు! ఆ పులుపు తోలులోకి దిగిందంటే దాని మచ్చ ఇక పోదు.

హేవలాక్ వంతెన:
పచ్చ మైనం సంగతి తెలీదు, ఒప్పుకుంటున్నా. అయినా మా ఊరి బస్టాండులో చెప్పులు కుట్టే ఆయన నా ఆఫీసు బ్యాగు పట్టీ కుట్టి, కొబ్బరి నూనె గుడ్డతో ఒకసారి తుడిచి ఇచ్చాడు. నాలుగేళ్ళైంది, నిక్షేపంలా ఉంది. ఆయన చేతికి తెలిసింది పుస్తకాల్లో ఉండదు.

నర్సాపురం అల్లిక:
ఆ నిక్షేపం నా బ్యాగుకూ వస్తుందనుకుని నేను మునిగాను. అత్తగారి పాత బ్యాగు, గోధుమ రంగు. వినాయకచవితికి ముందు కొబ్బరి నూనె పట్టించా. నెల రోజులు నిగనిగలాడింది, ఫొటోలు కూడా పెట్టా. ధనుర్మాసంలో ఒకరోజు పొద్దున తీస్తే మళ్ళీ తెల్లగా పొర. బూజు వచ్చిందని గాభరా పడి మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ కొని రుద్దా. పొరతోపాటు రంగూ వచ్చేసింది, గుడ్డంతా గోధుమ రంగు. ఇప్పుడు ఆ బ్యాగు మీద అరచేయంత తెల్లమచ్చ. ఆ నూనె వాసనకి బొద్దింకలు చేరడం ఇంకో కథ, వదిలెయ్యండి.

తంగేడు చెక్క:
అల్లిక గారూ, అది బూజు అయ్యుండదు. చలికాలం పొద్దున సీసాలో కొబ్బరి నూనె ఏమవుతుంది? సుమారు 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది. తోలు పైకి చేరిన కొవ్వు కూడా అలాగే తెల్లగా పేరుకుంటుంది. కొవ్వో బూజో తేల్చుకోవడం చాలా తేలిక. జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్ ఉంటే, తక్కువ వేడి మీద, జానెడు దూరం నుంచి కొంచెంసేపు ఊదండి. కొవ్వైతే కరిగి కళ్ళముందే మాయమవుతుంది. బూజు మాయమవదు. పైగా బూజుకి మూసిన గది వాసన ఉంటుంది, బొచ్చు బొచ్చుగా చుక్కలు చుక్కలుగా లేస్తుంది.

కౌశిక గారూ, ముందు ఈ పరీక్ష చెయ్యండి. నూనె గొడవ తర్వాత.

కువైట్ రిటర్న్:
అందరూ నూనె, నూనె అంటున్నారు. నేనైతే బ్యాగుని నీళ్ళలో ముంచేశా, వినండి.

కువైట్‌లో పనిచేసిన ఇంట్లో మేడమ్ వచ్చేటప్పుడు తన పాత కోచ్ బ్యాగు ఇచ్చింది. న్యూయార్క్ కంపెనీ, 1941లో మొదలైందట. బేస్‌బాల్ గ్లవ్ తోలు చూసి ఆ బ్యాగుల తోలు తయారు చేశారని మేడమ్ కూతురు చెప్పింది. లోపల అస్తరు లేదు, అట్ట లేదు, అంతా తోలే. చెమట మరకలతో, సిగరెట్ కంపుతో ఉండేది. యూట్యూబ్‌లో విదేశీ ఆడాళ్ళు అలాంటి బ్యాగుల్ని బకెట్లో ముంచడం చూశా. సంక్రాంతి వెళ్ళాక, గాలి పొడిగా ఉన్నప్పుడు, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి పావుగంట ముంచా. నీళ్ళు టీ డికాక్షన్‌లా అయిపోయాయి! గుండె ఝల్లుమంది. మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి, లోపల టర్కీ టవళ్ళు కుక్కి, వరండాలో నీడన నాలుగు రోజులు ఆరబెట్టా. ఆరాక అట్టముక్కలా ఉంది. ఏడుపొచ్చింది. తోలు క్రీము పల్చగా రాసి చేత్తో నలిపితే మెల్లగా మెత్తబడింది. ఇప్పుడు చర్చికి అదే వేసుకెళ్తా.

హేవలాక్ వంతెన:
నూనె చుక్క వద్దన్నవాళ్ళు బకెట్ నీళ్ళకి ఏం మాట్లాడరే!

తంగేడు చెక్క:
మాట్లాడతా. ఆవిడ బ్యాగుకి అది సరిపోయింది, ఎందుకంటే లోపల అట్ట లేదు, జిగురు లేదు, రంగు పైపైన పూత కాకుండా తోలు నిండా ఎక్కింది. పైగా చేసింది మంచి రోజుల్లో. అదే ఆషాఢంలో మన ఊళ్ళో చేసి ఉంటే ఆరేలోపే మళ్ళీ బూజు పట్టేది. కౌశిక గారి బ్యాగుని ముంచితే మాత్రం లతలూ ఆకులూ బకెట్లోనే ఉండిపోతాయి.

ఇంకొకటి. ఏ పాత తోలుకైనా నీళ్ళు తగలనిచ్చే ముందు తెల్లగుడ్డతో పొడిగా ఒక మూల రుద్ది చూడండి. ఇటుకపొడిలా ఎర్రగా రాలితే ఆగిపోండి. చెట్టు బెరడుతో పదును చేసిన పాత తోళ్ళకు వచ్చే జబ్బు అది, వెనక్కి తిరగదు. దానికి తడి తగిలితే నల్లబడి గట్టిపడుతుంది.

బస్టాండ్ కాఫీ:
మా ఆవిడ బ్యాగు పైపొర పొట్టులా రాలుతోంది. దానికి ఏం రాయాలి?

తంగేడు చెక్క:
అది రెగ్జినో, పీయూ అనే ప్లాస్టిక్ పూత వేసిన గుడ్డో అయ్యుంటుంది. మన తేమకు ఆ పూత విరిగిపోతుంది. ఏం రాసినా అతుక్కోదు. కొత్తది కొనిపెట్టండి.

బస్టాండ్ కాఫీ:
లెదర్ అని చెప్పి కొనిచ్చింది నేనేనండి. ఈ థ్రెడ్ ఆవిడకి చూపించను.

కౌశిక గట్టు:
డ్రైయర్ పెట్టి చూశా, పోలేదు. బూజే. ఎర్రపొడి రాలలేదు, అంతవరకు సంతోషం. బూజు తీయడానికి స్పిరిట్ వాడొచ్చా? ఇంకు మరకకి?

నర్సాపురం అల్లిక:
నా అరచేయి మచ్చ గుర్తుపెట్టుకుని వాడండి!

తంగేడు చెక్క:
ఇంట్లో వద్దు, పెరట్లోకి తీసుకెళ్ళండి, మూతికి మాస్కు పెట్టుకోండి. మెత్తటి బ్రష్‌తో బయటివైపుకి దులపండి, లోపలికి రుద్దితే బూజుని తోలులోకే తోసినట్టు. తర్వాత స్పిరిట్‌లో తడిపి గట్టిగా పిండిన గుడ్డ. ముందు అడుగున, ఎవరికీ కనపడని చోట ఒక్క చుక్క అద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే స్పిరిట్ మానేసి ఉత్త దులుపుడుతో సరిపెట్టుకోండి. తర్వాత ఫ్యాను కింద రెండు రోజులు. ఎండ వద్దు, పెద్దమ్మ గారికి నా నమస్కారాలతో చెప్పండి. ఎండకు రంగు వెలుస్తుంది, తోలు బిగుసుకుంటుంది. సబ్బూ వంటసోడా కూడా వద్దు. తోలుది కాస్త పులుపు స్వభావం, సోడా దానికి పడదు.

ఇంకు మరక వదిలెయ్యండి. తోలులోకి దిగిన ఇంకుని స్పిరిట్‌తో తీయబోతే వెడల్పవుతుంది, చుట్టూ ఉన్న రంగునీ తీసుకుపోతుంది.

హేవలాక్ వంతెన:
అన్నీ వద్దు వద్దు. మరి బీటలు వారిన పట్టీ సంగతేంటి? ఆవిడ దాన్ని భుజాన వేసుకోవాలా, అద్దాల పెట్టెలో పెట్టాలా? మ్యూజియంలో వస్తువు కదలదు, నూనె లేకపోయినా బతుకుతుంది. పట్టీ రోజుకి వందసార్లు వంగుతుంది. వంగేదానికి జిడ్డు కావాలి. ఇది చదువుకోకపోయినా తెలిసే విషయం.

తంగేడు చెక్క:
ఈ ఒక్క మాటకి మీతో కలుస్తా. మ్యూజియం వాళ్ళు పాత తోళ్ళకు నూనెలు రాయడం మానేశారు, కానీ వాళ్ళ బ్యాగు కూరగాయల బజారుకి వెళ్ళదు. వాడాలంటే పట్టీకి కొంచెం జిడ్డు కావాల్సిందే. నా గొడవల్లా కొబ్బరి నూనెతోనూ, తలకి పట్టించినట్టు పట్టించడంతోనూ. తోలు క్రీము బఠాణీగింజంత గుడ్డకి అద్ది, పట్టీ వెనకవైపు రాసి, ఒక రోజు ఆగి చూడండి. పడిన బీటలు ఏ నూనెతోనూ పూడవు, కొత్తవి ఆలస్యమవుతాయి, అంతే. బీట లోతుగా ఉంటే మీరన్న బస్టాండు ఆయన దగ్గరే వెనక తోలుముక్క వేయించుకోవాలి. అది నా చేతికి రాని పని.

కువైట్ రిటర్న్:
తర్వాత ఎక్కడ దాస్తారో కూడా చెప్పండి. మా వీధిలో అందరూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కలరా ఉండలు వేస్తారు.

తంగేడు చెక్క:
కలరా ఉండలు పురుగుకి, బూజుకి కాదు. ఆ వాసన తోలుకి పడితే ఏళ్ళు పోదు. ప్లాస్టిక్ కవరైతే లోపలి చెమ్మ లోపలే ఉంటుంది. గాలిలో తేమ 65, 70 శాతం దాటితే బూజుకి పండగ, మనకి ఏడాదిలో సగం రోజులు అంతే కదా. పాత నూలు చీరముక్కలు లోపల కుక్కి, దిండు గలేబులో పెట్టి, బయటిగోడకి ఆనుకోని బీరువాలో ఉంచండి. వారానికోసారి తలుపు తెరవండి. అన్నిటికంటే మంచిది వాడటం. రోజూ గాలి తగిలే బ్యాగుకి బూజు పట్టడం నేను చూడలేదు.

కౌశిక గట్టు:
మూడు వారాల తర్వాత వచ్చా. జరిగింది చెప్తా, తిట్టకండి.

బ్యాగు ఒంటికి తంగేడు గారు చెప్పినట్టే చేశా. స్పిరిట్ చుక్క అడుగున అద్దితే గుడ్డకి ఆకుపచ్చ అంటింది, వెంటనే ఆపేశా. బ్రష్ ఒక్కటే. బూజు పోయింది, లతలు బాగానే ఉన్నాయి. పచ్చ మైనం పుల్లతో తీస్తే రింగు కింద తోలు కొంచెం కొరికినట్టుంది. ఇంకు మరక అమ్మే ముట్టుకోనివ్వలేదు. "అది పదో తరగతి సి సెక్షన్ వాళ్ళది, ఉండనీ" అంది.

ఇక పట్టీ. నేను బజారుకి వెళ్ళి వచ్చేసరికి అరుగు మీద పెద్దమ్మ, పక్కన గానుగ నూనె గిన్నె. పట్టీ అటూ ఇటూ తిప్పి పట్టించేసింది. కార్న్‌ఫ్లోర్ చల్లితే పైనూనె పీలుస్తుందని ఎక్కడో చదివి రాత్రంతా చల్లి ఉంచా. కొంత వచ్చింది, మిగతాది దిగిపోయింది. ఇప్పుడు బ్యాగు లేత బెల్లం రంగు, పట్టీ పాకం ముదిరిన బెల్లం రంగు. పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ పట్టీయే చూపిస్తోంది.

మెత్తబడ్డ మాట మాత్రం నిజం. నిన్న అమ్మ అదే తగిలించుకుని బ్యాంకుకి వెళ్ళొచ్చింది. రింగు దగ్గర పచ్చ మళ్ళీ వస్తుందేమో అని రోజూ చూస్తున్నా. ఇంకా రాలేదు.

హేవలాక్ వంతెన:
ఆయ్, రాదండి.

తంగేడు చెక్క:
సంక్రాంతి దాకా ఆగి చెప్పండి.