గోల్‌కీపర్‌కి కాళ్ళతో పనేంటి? వాన్ డెర్ సార్ గురించి కాస్త చెప్పండి

ప్రశ్న:
నమస్కారం అండీ. మేం నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టెల్వీన్‌లో ఉంటాం. మా బాబుకి 12 ఏళ్ళు, ఇక్కడి క్లబ్బులో గోల్‌కీపర్. బంతి చేతికొస్తే వదలడు. కానీ కోచ్ డిఫెండర్లతో పదేపదే వీడికే బంతి వెనక్కి ఇప్పిస్తాడు. పోయిన శనివారం అలా వచ్చిన బంతి కాలికి సరిగ్గా తగల్లేదు, గోల్ అయిపోయింది. ఇంటికొచ్చి గ్లవ్స్ బ్యాగులో కుక్కేసి ఇక ఆడనన్నాడు. కోచ్‌ని అడిగితే వాన్ డెర్ సార్ ఆట చూపించమన్నాడు. ఎవరండీ ఆయన?

జవాబు:
అక్కా, ఎడ్విన్ వాన్ డెర్ సార్ మీకు దగ్గరివాడే, వోర్‌హౌట్‌లో 1970లో పుట్టాడు. మనిషి 197 సెంటీమీటర్ల పొడుగు. 1992లో ఫుట్‌బాల్ రూలు మారింది. డిఫెండర్ కావాలని కాలితో వెనక్కిచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదన్నారు. దాంతో చాలామంది కీపర్లు తడబడ్డారు. మరుసటి ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బు అయాక్స్ కోచ్ వాన్ గాల్, కీపర్ స్టాన్లీ మెంజో స్థానంలో ఈయన్ని దించాడు. (మెంజో కూడా కాళ్ళతో బాగా ఆడేవాడే.) బంతి కాలి దగ్గరున్నా ఈయనకి కంగారుండేది కాదు, ఒక డిఫెండర్ ఆడినట్టే పాస్ ఇచ్చేవాడు. 1995లో వియన్నాలో మిలాన్‌ని 1-0తో ఓడించి, యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ గెలిచారు.

1999లో ఇటలీ క్లబ్బు యువెంటస్‌కి వెళ్ళాడు. అక్కడ రెండేళ్ళకే బఫాన్ అనే ఇంకో కీపర్‌ని కొనుక్కుని ఈయన్ని వదిలేశారు. అప్పుడే ఇంగ్లండ్ పై లీగ్‌లోకి వచ్చిన చిన్న క్లబ్బు ఫుల్హామ్‌లో చేరి నాలుగేళ్ళు ఆడాడు. మీ బాబుకి ముందు ఈ ఫుల్హామ్ సంగతే చెప్పండి, పెద్ద క్లబ్బు వదిలేసినా ఆట మానలేదని. 34 ఏళ్ళప్పుడు, 2005లో, మాంచెస్టర్ యునైటెడ్ తీసుకుంది. అక్కడ నాలుగుసార్లు లీగ్ గెలిచాడు. 2008-09లో లీగ్‌లో వరసగా 1,311 నిమిషాలు ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. 40 ఏళ్ళు వచ్చాకే, 2011లో రిటైరయ్యాడు. దేశానికి 130 మ్యాచ్‌లు ఆడాడు.

2008లో మాస్కోలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ పెనాల్టీలు తప్పకుండా చూపించండి. వాన పడుతోంది, చెల్సీ తరఫున అనెల్కా వచ్చాడు. వాన్ డెర్ సార్ చెయ్యి చాచి తన ఎడమ వైపు చూపించాడు. అనెల్కా రెండో వైపు కొట్టాడు. ఈయన కుడివైపే దూకి బంతిని తోసేశాడు. కప్పు మాంచెస్టర్ యునైటెడ్‌దైంది.

మరో జవాబు:
నేను పిల్లలకి కీపింగ్ నేర్పిస్తుంటాను. మీ బాబుకి రెండే మాటలు. బంతి మన డిఫెండర్ దగ్గరున్నప్పుడు గోల్ మధ్యలో నిలబడకూడదు. పోస్టు దాటి పక్కకి జరిగి, అక్కడికి ఇవ్వమని అరవాలి. అక్కడ కాలు తప్పినా బంతి బయటికి పోయి కార్నర్ అవుతుంది, గోల్ కాదు. రెండోది, బంతి కాలికి రాకముందే ఎవరెక్కడున్నారో ఒకసారి చూసుకోవాలి. రోజూ పది నిమిషాలు గోడకేసి పాస్‌లు కొట్టించండి, ఎక్కువగా బలం లేని కాలితో.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. అనెల్కా పెనాల్టీ మూడుసార్లు చూశాడు. వాడికి ఎడమ కాలు బలం తక్కువ, సాయంత్రం దాంతోనే గోడకి కొట్టాడు. పోస్టు పక్కకే పాస్ ఇవ్వమని చెప్పడానికి ఇప్పుడే తన డిఫెండర్‌కి ఫోన్ చేస్తున్నాడు.