డుడుమా లోయ వైపు సైకిల్ వెళ్లే బాటలు చెప్తారా?

నమస్తే అండీ. మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జైపూర్. ఈమధ్యే మౌంటెన్ బైక్ కొన్నాను, ముందు చక్రానికే సస్పెన్షన్. మొన్న దేవమాలి కొండ (1672 మీటర్లు) దిగేటప్పుడు వెనక డిస్క్ బ్రేక్ కాలిన వాసన కొట్టింది, లీవర్ నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేసింది. తప్పు నాదే, దారంతా బ్రేక్ పట్టుకునే దిగాను.

వలిసె పూల టైముకి డుడుమా జలపాతం దగ్గర, మాచ్‌ఖండ్ నది కోసిన లోయ అంచున తిరగాలని ఉంది. దగ్గర్లోని ఒనకఢిల్లీ ఊరి దాకా రోడ్డుంది. అక్కడి నుంచి అడవిలో ఊళ్లని కలిపే కాలిబాటల్లో సైకిల్ దిగేవి ఏవి? ఎక్కడ భుజాన మోయాలి? గురువారం మాత్రం వెళ్లను. ఆ రోజు ఒనకఢిల్లీ సంతకి బుట్టలతో వచ్చేవాళ్లకి ఎదురు పడటం బాగుండదు.

అటవీ శాఖ పర్మిషన్ ఎక్కడ అడగాలి? ముళ్లకి ట్యూబ్‌లెస్ టైరు ఆగుతుందా? తిరిగినవాళ్లు చెప్పండి.