అప్‌డేట్: ‘సర్సీ’ వినడం పూర్తయింది

ఆఫీసు బస్సులో వినడానికి పురాణ కథల ఆడియోబుక్ ఏది బాగుంటుందని పోయిన నెల అడిగాను కదా. మీలో ఎక్కువమంది చెప్పిన మాడెలిన్ మిల్లర్ ‘సర్సీ’ నిన్న పూర్తయింది. చదివిన పెర్డిటా వీక్స్ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది. హోమర్ గ్రీకు కావ్యం ఒడిస్సీలో మనుషుల్ని పందులుగా మార్చే మంత్రగత్తెగా కాసేపే కనిపించే సర్సీ, ఇక్కడ సూర్యదేవుడు హీలియోస్ కూతురిగా తన కథ తనే చెప్పుకుంటుంది. తనుండే దీవిలో ఆమె ఒంటరితనం వింటుంటే గొంతు పట్టేసింది.

ఆడియో వేగం పెంచొద్దని మీరిచ్చిన సలహా నిజం. 1.5 రెట్ల వేగంలో విన్న అధ్యాయాలు మామూలు వేగంలో మళ్లీ విన్నాకే గ్రీకు పేర్లు చెవికెక్కాయి.

ఇప్పుడు రోషణి చోక్షి 2016 నవల ‘ది స్టార్-టచ్డ్ క్వీన్’ మొదలుపెట్టాను. కథానాయిక మాయ జాతకంలో పెళ్లికీ చావుకీ ముడి! ఆమెను పెళ్లాడే అమర్ అసలు ఎవరో మాత్రం ఎవరూ చెప్పకండి, ప్లీజ్.