16 ఎంఎం ప్రొజెక్టర్: బొమ్మ ఎగురుతోంది, పాట సాగుతోంది

తణుకు నుంచి:
అందరికీ నమస్కారం. మా మావయ్య ఒకప్పుడు ఊళ్లలో తెర కట్టి డాక్యుమెంటరీలు, భక్తి సినిమాలు వేసేవారు. ఆయన 16 ఎంఎం ప్రొజెక్టర్ని మొన్న అటక మీంచి దించాం. మోటారు తిరుగుతోంది, బల్బు వెలుగుతోంది. రీలు ఎక్కిస్తే మాత్రం బొమ్మ పైకీ కిందకీ ఎగురుతోంది, పాట ఈడ్చినట్టు సాగుతోంది. కాసేపటికి ఫిల్ము టపటపా కొట్టుకోవడం మొదలైంది, వెంటనే ఆపేశాను. సంక్రాంతికి చుట్టాలందరి ముందు వేయాలని మావయ్య ముచ్చట. ఎక్కడ మొదలెట్టాలి?

విజయవాడ నుంచి:
ముందు ఆ రీలు తీసి పక్కన పెట్టండి బాబూ. మెషిన్ చెడితే ఎలాగోలా బాగుచేసుకుంటాం, అంచు రంధ్రాలు చిరిగిన ప్రింటు మళ్లీ ఎక్కడ తెస్తాం? పనికిరాని ఫిల్ము ముక్క ఒకటి సంపాదించండి, పరీక్షలన్నీ దాని మీదే.

ఇప్పుడు ప్లగ్ పీకేసి, పక్కనుండే నాబ్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ గేటు (ఫిల్ము మీద బల్బు వెలుగు పడే చోటు) దగ్గర చూడండి. చిన్న కొక్కెం బయటకొచ్చి, ఒక ఫ్రేము మేర కిందకి దిగి, లోపలికి పోవాలి. నడిచేటప్పుడు సెకనుకి 24 సార్లు అది చేసే పని ఇదే. నాబ్ బరువుగా, పట్టి పట్టి తిరిగితే పాత గ్రీజు మైనంలా గట్టిపడిందన్నమాట. దాని మీదే కొత్త నూనె పోస్తే లాభం లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాతదంతా తుడిచి, నూనె వేసే చోట్ల మాత్రం కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క వేయండి. ప్లాస్టిక్ పళ్లచక్రాలుంటే పెట్రోలు, థిన్నర్ దగ్గరికి కూడా రానివ్వొద్దు. కొబ్బరినూనె వేసినవాళ్లని చూశాను, అది ఇంకో తలనొప్పి.

బొమ్మ ఎగురుతోందంటే చాలామంది వెంటనే లెన్సు విప్పుతారు. లెన్సుకీ దానికీ సంబంధం లేదు. గేటులో ఫిల్ముని అదిమిపట్టే రేకు కింద ఎమల్షన్ (ఫిల్ము మీద బొమ్మ ఉండే పూత) పేరుకుని నల్లగా, గట్టిగా ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకారంటే రేకు మీద గీత పడుతుంది, ఆ తర్వాత మీరు వేసే ప్రతి సినిమాలోనూ గీతల వానే. ఆల్కహాల్ అద్ది కాస్త నాననిచ్చి వెదురుపుల్లతో తీయండి. రేకు వెనక స్ప్రింగు పట్టుందో లేదో కూడా చూడండి.

టపటపమంటే లూపు, అంటే ఫిల్ముని వదులుగా వదిలే వంపు, పోయినట్టు. స్ప్రాకెట్ల (ఫిల్ముని లాగే పళ్లచక్రాల) మీద ఫిల్ము ఆగకుండా నడుస్తుంది, గేటులో ఆగి ఆగి నడుస్తుంది. ఆ రెంటికీ పొత్తు కుదిర్చేది గేటుకి పైనా కిందా వదిలే లూపులే. మెషిన్ మీద గీసిన కొలతకి వదలండి. కింది లూపు తేడా వస్తే మాటకీ పెదాలకీ కూడా కుదరదు, ఎందుకంటే బొమ్మ కంటే దాని శబ్దం 26 ఫ్రేముల ముందుంటుంది.

హైదరాబాద్ నుంచి:
తమ్ముడూ, పాట సాగడం గురించి. వెనక ప్లేటు మీద కరెంటు ఎన్ని సైకిల్స్ (హెర్ట్జ్) అని ఉందో చూడు. అమెరికా మెషిన్ అయితే 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 60 సైకిల్స్ మోటారు మన 50 మీద నిదానంగా తిరుగుతుంది, 24 ఫ్రేములు 20కి పడిపోతాయి. బ్రష్‌లుండి, వేగాన్ని తనే అదుపు చేసుకునే గవర్నర్ మోటారుకైతే ఈ బాధ లేదు. స్పీడు కొలవడం తేలిక: ఫిల్ము మీద 36 అడుగులకి గుర్తు పెట్టు, అది కచ్చితంగా నిమిషంలో దాటాలి.

తణుకు నుంచి:
ప్లేటు మీద 50 అనే ఉంది అన్నా. 36 అడుగులకి నిమిషం మీద 9 సెకన్లు పట్టింది. బెల్టు సాగిపోయి, పుల్లీకి తారులా అంటుకుని ఉంది.

హైదరాబాద్ నుంచి:
అయితే దొంగ దొరికాడు. పుల్లీ శుభ్రం చేసి, అదే మందం బెల్టు వేయి. మరీ బిగువుగా వద్దు, బేరింగులు పోతాయి. అప్పటికీ పాట వణికితే సౌండ్ డ్రమ్ముకి (శబ్దం చదివే చోట ఫిల్ము చుట్టుకునే ఉరుళికి) నూనె అంటిందేమో చూడు, ఫిల్ము దాన్ని గట్టిగా చుట్టుకుని పోవాలి. శబ్దం చదవడానికి వెలిగే ఎక్సైటర్ బల్బు పక్కనున్న చిన్న లెన్సు స్క్రూలు మాత్రం ముట్టుకోకు. హాలోజన్ బల్బు మారిస్తే గుడ్డతో పట్టుకో.

తణుకు నుంచి:
గేటు తుడిచి, బెల్టు వేశాక తుక్కు ఫిల్ము మీద బొమ్మ నిలబడింది, పాట సరిగ్గా ఉంది! మావయ్య రీళ్ల డబ్బా తెరిస్తే పుల్లటి వాసన వస్తోంది సార్. వేయొచ్చా?

విజయవాడ నుంచి:
అది వెనిగర్ వాసన. అసిటేట్ ఫిల్ము చెడటం మొదలైంది. మన కోస్తా ఉక్కకి ఇంకా తొందరగా పాడవుతుంది. ఆ రీలుని మిగతావాటికి దూరంగా, గాలాడే చల్లని చోట పెట్టండి.

వేయొచ్చా లేదా అన్నది టేపు చెబుతుంది. ఫిల్ముని లాగకుండా బల్ల మీద పరిచి, ఒక రంధ్రం అంచు నుంచి 101వ రంధ్రం అదే అంచు దాకా కొలవండి. కొత్త ప్రింటు అయితే 762 మిల్లీమీటర్లు. 754కి దిగిందంటే ఒక శాతం కుంచించుకుపోయినట్టు, కొక్కెం రంధ్రాల్ని చింపేస్తుంది. రీలు మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్లా కొలవండి.

తణుకు నుంచి:
మొదట్లో 758, లోపలికి వెళ్లేకొద్దీ 755.

విజయవాడ నుంచి:
755 అంటే దాదాపు ఆ ఒక శాతానికి వచ్చేసినట్టే, ఆ రీలు ప్రొజెక్టర్‌లో వేయొద్దు. కొక్కేలు లేకుండా రోలర్ల మీద నడిపే స్కానర్ ఉన్నవాళ్ల చేత డిజిటల్ చేయించండి, అది కూడా త్వరగా. పండక్కి వాసన లేని రీలు ఒకటి కొలిచి వేయండి. వేసే ముందు పాత అతుకులన్నీ వేళ్ల మధ్య నడిపి చూసుకోండి, సగం సార్లు ఫిల్ము తెగేది అక్కడే.