ప్రకటనలు ఆపేస్తే పత్రికను శిక్షించినట్టేనా? గయానా, 2006

రూలుబుక్: దక్షిణ అమెరికాలోని గయానా ప్రభుత్వం 2006 నవంబరులో అక్కడి ప్రైవేటు దినపత్రిక స్టాబ్రోక్ న్యూస్‌కు ప్రకటనలు ఆపేసింది. అప్పటి అధ్యక్షుడు భరత్ జగ్దేవ్. మళ్లీ ఇవ్వడం 2008 ఏప్రిల్‌లోనే. సర్కారు చెప్పిన కారణం వ్యాపార లెక్క: గయానా క్రానికల్ ఎలాగూ ప్రభుత్వానిదే, ప్రైవేటు పత్రికల్లో కైటూర్ న్యూస్ ఎక్కువ అమ్ముడుపోతోంది, మూడోదానికి ఖర్చెందుకని. నాకు ఇందులో తప్పు కనిపించదు. ప్రకటన ప్రభుత్వం కొనుక్కునే జాగా. ఎక్కడ కొనాలో దాని ఇష్టం.

కాలమ్ అంగుళం: లెక్కేనంటున్నారు, మరి లెక్క ఎక్కడండీ? అచ్చేసిన కాపీలు వేరు, అమ్ముడైనవి వేరు, వాపసొచ్చినవి వేరు. మూడూ బయటి ఆడిటర్ చూశాక, కాలమ్ అంగుళం (ప్రకటన జాగాకు కొలత) రేటును అమ్ముడైన కాపీలతో భాగిస్తే ఒక్కో కాపీకి ఎంత పడుతుందో తేలుతుంది. అలాంటి సర్వే ముందు పెట్టి తీసుకున్న నిర్ణయం కాదిది. పైగా మంత్రిత్వ శాఖల ప్రకటనలన్నీ ప్రభుత్వ సమాచార సంస్థ జీనా చేతి మీదుగానే వెళ్లేవి. కుళాయి ఒక్కటే కాబట్టి, అది కట్టేస్తే అన్ని శాఖలూ ఒకేసారి ఆగిపోతాయి. తేదీ కూడా చూడండి: ఎన్నికలు ఆగస్టు 28న, కోత నవంబరులో.

రూలుబుక్: తేదీలు అనుమానం పుట్టిస్తాయి, రుజువు చెయ్యవు. పత్రికను మూయించలేదు, కాగితం ఆపలేదు, ఎవర్నీ జైల్లో పెట్టలేదు. గయానాను పూర్వం ఏలిన బర్న్‌హామ్ కాలంతో పోల్చి చూడండి.

పాతపేపర్లు: అక్కడికే వద్దామనుకున్నా. బర్న్‌హామ్ హయాంలో న్యూస్‌ప్రింట్ (పత్రికలు అచ్చేసే కాగితం) దిగుమతికి లైసెన్సు కావాలి. సెన్సారు అన్న మాటే అక్కర్లేదు, లైసెన్సు ఇవ్వకపోతే చాలు. అలా దెబ్బతిన్న పత్రికల్లో ఒకటి మిర్రర్. ఎవరిదది? అప్పటి ప్రతిపక్ష నేత చెడ్డీ జగన్ పార్టీది, అంటే ఇదే జగ్దేవ్ పార్టీది! కోర్టుకెళితే 1979లో అప్పీలు కోర్టు, న్యూస్‌ప్రింట్ దిగుమతి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదు పొమ్మంది. మన సుప్రీంకోర్టు 1972లోనే బెనెట్ కోల్‌మన్ కేసులో దీనికి తలకిందులుగా చెప్పింది: కాగితం కోటా పేరుతో పేజీలు కుదించినా అది భావప్రకటన స్వేచ్ఛకు గండి కొట్టడమేనని. ఆ దెబ్బ తిన్నవాళ్లే గద్దెనెక్కాక కాగితం వదిలేసి ప్రకటన పట్టుకున్నారు. ఇంకొకటి: పత్రికా స్వేచ్ఛకు హామీ పత్రమైన చపుల్తెపెక్ డిక్లరేషన్ మీద 2002లో జగ్దేవ్ స్వయంగా సంతకం పెట్టారు. పత్రికలకు బహుమానంగానో శిక్షగానో ప్రభుత్వ ప్రకటనలు వాడకూడదని అందులోనే ఉంది.

రూలుబుక్: అది చట్టం కాదు కదా, హామీ మాత్రమే. దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లలేరు. అప్పట్లో ఏడున్నర లక్షల జనాభా ఉన్న దేశంలో పత్రికలన్నిటికీ సమానంగా పంచాలంటే అది సబ్సిడీ అవుతుంది. ఎలా ఇవ్వాలో మీరే చెప్పండి.

కాలమ్ అంగుళం: సమానంగా పంచమని ఎవరూ అనలేదు. ముందు ప్రకటనల్ని రెండుగా విడదీయాలి. టెండర్లు, భూసేకరణ నోటీసులు, ఉద్యోగాలు ఒక రకం. గడువు దాటితే నష్టపోయేది పాఠకుడే కాబట్టి ఇవి జనం చదివే పత్రికలన్నిట్లో రావాలి. నాయకుడి బొమ్మతో వచ్చే ప్రచారం రెండో రకం. దానికి ఏటా ముందే ఖరారు చేసిన బడ్జెట్టు, పైన చెప్పిన ఆడిట్ అంకెలు. ఎవరికైనా ఆపాలంటే కారణం రాతలో ఇచ్చి, జవాబుకు గడువివ్వాలి. టెండరు నోటీసు సగం పత్రికల్లోనే వస్తే బిడ్డర్లు తగ్గుతారు, ధర పెరుగుతుంది. ఆదా చేశామన్న డబ్బు అక్కడే పోతుంది.

డెమెరారా గట్టు: మీరంతా పత్రికల దగ్గరే ఆగిపోయారు. రాజధాని జార్జ్‌టౌన్ దాటి లోపలి అడవుల్లోకి అప్పట్లో రోజూ పేపరు వెళ్లేది కాదు, అక్కడ దిక్కు రేడియోనే. అది 2011 దాకా సర్కారు గుత్తాధిపత్యమే. జగ్దేవ్ దిగిపోయే ముందు, నవంబరు 28 ఎన్నికలకు కాస్త ముందుగా, ప్రైవేటు లైసెన్సులు ఇచ్చేశారు. అస్మదీయుల సంస్థలకు ఐదేసి ఫ్రీక్వెన్సీలు, స్టాబ్రోక్‌కు ఒక్కటీ లేదు. ప్రకటనలు పదిహేడు నెలలకైనా తిరిగొచ్చాయి. ఫ్రీక్వెన్సీ ఒకసారి పంచేస్తే వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో, రూలుబుక్ గారూ, దానికీ మీ 'కొనుక్కునే ఇష్టం' వాదన పనిచేస్తుందా?

రూలుబుక్: పనిచెయ్యదు. ఫ్రీక్వెన్సీ జనం ఆస్తి. దానికి బహిరంగ వేలమో, అర్హతల పట్టికో ఉండాల్సిందే. ప్రకటనల మీద మాత్రం నా మాట మారలేదు.